సరళ చక్కెరలు: రసాయన నిర్మాణాన్ని బట్టి వర్గీకరణ

జలవిశ్లేషణ చేసినా అంతకంటే చిన్న చక్కెరలుగా విడిపోని కార్బోహైడ్రేట్లను సరళ చక్కెరలు అంటారు. ఏకశర్కరాలు, మోనోశాకరైడ్లు అన్నవి వీటి శాస్త్రీయ నామాలు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గెలాక్టోజ్, మానోజ్, రైబోజ్, గ్జైలోజ్ వీటిలో ముఖ్యమైనవి. బియ్యపు పిండి, పత్తి, చెట్ల జిగురు, రొయ్య పెంకు, వారసత్వ లక్షణాలను మోసే డీఎన్ఏ అన్నిటి అల్లికలోనూ ఈ చిన్న అణువులే ఉంటాయి.

పరమాణువులు అవే, వాటి లెక్కా అదే. అయినా అమరిక మారితే పదార్థమే మారిపోతుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గెలాక్టోజ్, మానోజ్ నాలుగింటిలోనూ 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులే ఉంటాయి. కాబట్టి ఫార్ములా చూసి వీటిని విడదీయడం కుదరదు. కార్బన్లు ఎన్ని, కార్బొనైల్ సమూహం ఎక్కడుంది, హైడ్రాక్సిల్ సమూహాలు ఏ పక్కకు తిరిగాయి, గొలుసు ఎలాంటి వలయంగా ముడుచుకుంది అన్నవాటిని చూసే వర్గీకరిస్తారు.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవి. 2022 ఏప్రిల్ 4న ఈ రెండింటి భాగాలతో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా కూడా ఇందులో చేరుతుంది. చెరకు, కొబ్బరి, జీడిమామిడి, గోగు, చోడి, ఏజెన్సీ తేనె, తపసి జిగురు ఒకే చోట దొరికే ప్రాంతమిది. సరళ చక్కెరల్లోని ప్రధాన వర్గాలను చూపడానికి ఈ పంటలే దాదాపు సరిపోతాయి.

నిర్వచనం, పరిధి

రసాయనశాస్త్ర పరిభాషలో సరళ చక్కెర అంటే బహుహైడ్రాక్సీ ఆల్డిహైడ్ లేదా బహుహైడ్రాక్సీ కీటోన్. అణువులో ఒక కార్బొనైల్ సమూహం ఉంటుంది. మిగిలిన కార్బన్లకు సాధారణంగా ఒక్కో హైడ్రాక్సిల్ సమూహం అంటి ఉంటుంది.

కార్బన్ ఒక్కింటికి ఒక నీటి అణువు చొప్పున ఉంటుందన్న పాత సూత్రం నుంచే కార్బోహైడ్రేట్ అన్న పేరు వచ్చింది. ఆ సూత్రం నిర్వచనానికి పనికిరాదు. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లం ఆ లెక్కకు సరిగ్గా సరిపోతుంది, కానీ చక్కెర కాదు. డీఎన్ఏలోని డీఆక్సీరైబోజ్‌లో ఒక ఆక్సిజన్ తక్కువ, లెక్క తప్పుతుంది, కానీ అది చక్కెరే.

ఆహార విషయాలు మాట్లాడేటప్పుడు చెరకు చక్కెర అయిన సుక్రోజ్‌ను, పాల చక్కెర అయిన లాక్టోజ్‌ను కూడా సరళ చక్కెరలనే అంటుంటారు. నిర్మాణపరంగా అవి ద్విశర్కరాలు. సుక్రోజ్‌లో ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్. లాక్టోజ్‌లో ఒక గెలాక్టోజ్, ఒక గ్లూకోజ్ ఉంటాయి. ఇక్కడ వాటిని సరళ చక్కెరల మూలాలుగా మాత్రమే తీసుకున్నాం.

చరిత్ర

చక్కెరలను వేరుచేసి పేర్లు పెట్టడం భారతదేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని విభజన కనిపిస్తుంది. అది తయారీని, శుద్ధిని బట్టి చేసిన విభజన. ఐరోపాలో కూడా చాలాకాలం ద్రాక్ష చక్కెర, పండ్ల చక్కెర, పాల చక్కెర అంటూ దొరికిన చోటును బట్టే పిలిచారు.

జర్మన్ రసాయనవేత్త మార్గ్రాఫ్ 1747లో ఎండుద్రాక్ష నుంచి గ్లూకోజ్‌ను వేరుచేశాడు. ఆ పదార్థానికి గ్లూకోజ్ అన్న పేరు 1838లో స్థిరపడింది. ఫ్రక్టోజ్‌ను 1847లో ఫ్రెంచి శాస్త్రవేత్త డుబ్రుంఫో గుర్తించాడు. మరుసటి ఏడు లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్ల లవణపు స్ఫటికాలను చేత్తో ఏరి రెండు రకాలుగా విడదీశాడు. ఒక రకం ధ్రువణ కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకు. ఒకే పదార్థానికి ప్రతిబింబ రూపాలు ఉంటాయని తేలింది అప్పుడే. కార్బన్ చుట్టూ నాలుగు బంధాలు చతుర్ముఖి ఆకారంలో పరుచుకుంటాయని వాన్ట్ హాఫ్, లె బెల్ 1874లో విడివిడిగా ప్రతిపాదించడంతో దానికి కారణం తెలిసింది.

నిర్మాణాత్మక వర్గీకరణకు పునాది వేసినవాడు ఎమిల్ ఫిషర్. 1884లో ఆయన ఫినైల్ హైడ్రజీన్‌ను చక్కెరలపై ప్రయోగించి ఓసజోన్లు అనే పసుపు స్ఫటికాలను పొందాడు. గ్లూకోజ్, మానోజ్, ఫ్రక్టోజ్ మూడూ ఒకే ఓసజోన్‌ను ఇచ్చాయి. ఈ చర్యలో మొదటి రెండు కార్బన్లే మారతాయి కాబట్టి, మూడో కార్బన్ నుంచి కిందికి మూడు చక్కెరల నిర్మాణమూ ఒక్కటేనని ఆయన తేల్చాడు. కిలియానీ కనిపెట్టిన పద్ధతిలో గొలుసును ఒక్కో కార్బన్ చొప్పున పెంచుతూ, ఫలితాలను ఒకదానితో ఒకటి సరిచూస్తూ 1891 నాటికి గ్లూకోజ్ విన్యాసాన్ని నిర్ణయించాడు. ఎక్స్ కిరణాలతో అణువులను చూసే సాధనం లేని రోజుల్లో కేవలం తర్కబలంతో సాధించిన ఫలితమిది. రసాయనశాస్త్ర చరిత్రలో దీనికి సాటివచ్చేవి కొద్ది. 1902లో ఫిషర్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఒక్క విషయంలో మాత్రం ఫిషర్ ఊహపై ఆధారపడక తప్పలేదు. రెండు ప్రతిబింబ రూపాల్లో ఏది ఏదో తేల్చే మార్గం లేక ఒకదాన్ని ఎంచుకున్నాడు. 1951లో డచ్ శాస్త్రవేత్త బైఫూట్ సోడియం రుబీడియం టార్ట్రేట్ స్ఫటికాన్ని ఎక్స్ కిరణాలతో పరిశీలించి ఆ ఎంపిక సరైనదేనని రుజువు చేశాడు. ఈలోగా 1906లో రోజనాఫ్ గ్లిసరాల్డిహైడ్‌ను ఆధారంగా చేసుకుని డి, ఎల్ వరుసలను ఏర్పరిచాడు. వలయ నిర్మాణాలను నిర్ధారించిన హావర్త్ 1937లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

కార్బన్ల సంఖ్యను బట్టి

మూడు కార్బన్లున్నవి ట్రయోజ్‌లు, నాలుగున్నవి టెట్రోజ్‌లు, ఐదున్నవి పెంటోజ్‌లు, ఆరున్నవి హెక్సోజ్‌లు, ఏడున్నవి హెప్టోజ్‌లు. గ్లిసరాల్డిహైడ్, డైహైడ్రాక్సీ అసిటోన్ అనే రెండు ట్రయోజ్‌లు, ఎరిత్రోజ్ వంటి టెట్రోజ్‌లు, సెడోహెప్ట్యులోజ్ అనే హెప్టోజ్ ప్రకృతిలో ఎక్కువగా ఫాస్ఫేట్ రూపంలో, కణాల లోపలి చర్యల్లో మధ్యదశలుగా కనిపిస్తాయి. నిల్వ ఉండేవి, పంటల్లో పేరుకునేవి పెంటోజ్‌లు, హెక్సోజ్‌లే.

పెంటోజ్‌లలో రైబోజ్‌కు తెలుగువారితో ఒక సంబంధం ఉంది. కణాల్లో శక్తి మారకానికి ఆధారమైన ఏటీపీ అణువు మధ్యలో ఉండేది ఈ చక్కెరే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నాడు.

మరో పెంటోజ్ అయిన గ్జైలోజ్‌ను ఉత్తరాంధ్ర రైతు బస్తాలకొద్దీ చూస్తాడు, చక్కెరగా కాదు, గోగు నారగా. శ్రీకాకుళం, విజయనగరం మెట్టభూముల్లో గోగు పాత పంట. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంటపైనే ప్రత్యేకంగా పనిచేసింది. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం ప్రాంతాల్లో జూట్ మిల్లులు వెలిశాయి. నారలో ఎక్కువ భాగం సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ గొలుసు. దాని తర్వాతి స్థానం హెమీసెల్యులోజ్‌ది. అందులో ప్రధానమైనది గ్జైలోజ్ గొలుసైన గ్జైలాన్. గోగు కట్టలను చెరువులో ఊరవేసినప్పుడు సూక్ష్మజీవులు ముందుగా పెక్టిన్‌ను కరిగిస్తాయి. పెక్టిన్ అంటే గెలాక్టోజ్ నుంచి వచ్చిన గెలాక్టురోనిక్ ఆమ్లపు గొలుసు. పోగులను కాడకు అతికించి ఉంచేది అదే. అది పోయాక నార చేతికి ఊడి వస్తుంది. ఊరడం తక్కువైతే నారకు బెరడు అంటుకునే ఉంటుంది. మితిమీరితే సూక్ష్మజీవులు గ్జైలాన్, సెల్యులోజ్‌ల జోలికీ వెళ్లి నార బలం తగ్గుతుంది. మూడు వేర్వేరు చక్కెరల గొలుసుల్లో ఏది ముందు పోవాలి, ఏది మిగలాలి అన్నదాని మీదే నార నాణ్యత ఆధారపడుతుంది.

పులియడంలో కూడా ఈ సంఖ్య ముఖ్యం. కల్లును పులియబెట్టే మామూలు ఈస్టు గ్లూకోజ్, ఫ్రక్టోజ్, మానోజ్ వంటి హెక్సోజ్‌లను ఆల్కహాలుగా మారుస్తుంది. గ్జైలోజ్‌ను ఏమీ చేయలేదు. గోగు పుల్ల, చెరకు పిప్పి వంటి వ్యర్థాల నుంచి ఇథనాల్ తీయడంలో ఎదురయ్యే పెద్ద చిక్కుల్లో ఇదొకటి.

కార్బొనైల్ సమూహాన్ని బట్టి: ఆల్డోజ్‌లు, కీటోజ్‌లు

కార్బొనైల్ సమూహం గొలుసు చివర ఉంటే అది ఆల్డిహైడ్ అవుతుంది. అలాంటి చక్కెర ఆల్డోజ్. గొలుసు మధ్యలో, సాధారణంగా రెండో కార్బన్ మీద, ఉంటే కీటోన్. ఆ చక్కెర కీటోజ్. రెండు లక్షణాలనూ కలిపి పేరు పెడతారు. గ్లూకోజ్ ఆల్డోహెక్సోజ్, ఫ్రక్టోజ్ కీటోహెక్సోజ్, రైబోజ్ ఆల్డోపెంటోజ్, రైబ్యులోజ్ కీటోపెంటోజ్.

పండ్లలో ఆల్డోజ్, కీటోజ్ జంటగా ఉంటాయి. పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో జీడిపిక్క తీసుకున్నాక ఎక్కువగా వృథా అయ్యే జీడిమామిడి పండు రసంలో చక్కెరలు ప్రధానంగా గ్లూకోజ్, ఫ్రక్టోజే. ఉద్దానం కొబ్బరిబొండాం నీళ్లలోనూ లేతగా ఉన్నప్పుడు ఈ రెండే ఎక్కువ. కాయ ముదిరేకొద్దీ సుక్రోజ్ పాలు పెరుగుతుంది. మామిడి తీరు వేరు: పండేటప్పుడు పిండి విడిపోయి సుక్రోజ్ పేరుకుంటుంది, గ్లూకోజ్ కన్నా ఫ్రక్టోజ్ ఎక్కువగా ఉంటుంది. విజయనగరం జిల్లా భీమాళిలో పొరలు పొరలుగా ఆరబెట్టే తాండ్రలో ఈ మూడూ చిక్కబడతాయి.

ప్రాదేశిక నిర్మాణం: డి, ఎల్ వరుసలు

నాలుగు వేర్వేరు సమూహాలు అంటి ఉన్న కార్బన్‌ను అసమాన కార్బన్ లేదా కైరల్ కార్బన్ అంటారు. కుడిచేయి, ఎడమచేయి ఒకదానిపై ఒకటి ఒదగనట్టే, ఇలాంటి కార్బన్ ఒక్కటే ఉన్న అణువు తన ప్రతిబింబంతో ఒదగదు. ఒక్కో అసమాన కార్బన్‌కు రూపాల సంఖ్య రెట్టింపవుతుంది. ఆల్డోటెట్రోజ్‌లు 4, ఆల్డోపెంటోజ్‌లు 8, ఆల్డోహెక్సోజ్‌లు 16. కీటోజ్‌లలో అసమాన కార్బన్ ఒకటి తక్కువ కనుక కీటోహెక్సోజ్‌లు 8 మాత్రమే.

కార్బొనైల్ పైన ఉండేలా గొలుసును నిలువుగా గీసే ఫిషర్ చిత్రంలో, కార్బొనైల్‌కు అతి దూరాన ఉన్న అసమాన కార్బన్ మీది హైడ్రాక్సిల్ కుడివైపున ఉంటే డి వరుస, ఎడమవైపున ఉంటే ఎల్ వరుస. డి వరుసలోని ఎనిమిది ఆల్డోహెక్సోజ్‌లు: అల్లోజ్, ఆల్ట్రోజ్, గ్లూకోజ్, మానోజ్, గ్యులోజ్, ఐడోజ్, గెలాక్టోజ్, టాలోజ్. జీవులు ఎక్కువగా వాడుకునేవి వీటిలో మూడే: గ్లూకోజ్, మానోజ్, గెలాక్టోజ్.

ఈ అక్షరాలకూ కాంతిని తిప్పే దిశకూ సంబంధం లేదు. డి-గ్లూకోజ్ ధ్రువణ కాంతిని కుడికి తిప్పుతుంది, డి-ఫ్రక్టోజ్ అంతకన్నా గట్టిగా ఎడమకు తిప్పుతుంది. విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడే. తిప్పే దిశను ప్లస్, మైనస్ గుర్తులతో వేరుగా చూపుతారు.

కైరాలిటీ అధ్యయనానికి పాశ్చర్ నుంచి బైఫూట్ దాకా ఆధారమైన టార్టారిక్ ఆమ్లం చింతపండులో పుష్కలంగా ఉంటుంది. చింతపండులోనిది కాంతిని కుడికి తిప్పే ఒక్క రూపమే. మొక్క రెండు ప్రతిబింబాలనూ కలిపి తయారు చేయదు. చక్కెరల్లోనూ ఇదే తీరు. జీవప్రపంచంలో డి రూపాలదే మెజారిటీ. ఎల్ రూపాలు లేకపోలేదు. తుమ్మబంకలోని అరబినోజ్, తపసి జిగురులోని రామ్నోజ్ ఎల్ వరుసకు చెందినవి.

ఎపిమర్లు

ఒకే ఒక అసమాన కార్బన్ దగ్గర మాత్రమే తేడా ఉన్న చక్కెరల జంట ఎపిమర్లు. రెండో కార్బన్ మీది హైడ్రాక్సిల్‌ను అటునుంచి ఇటు తిప్పితే గ్లూకోజ్ మానోజ్ అవుతుంది. నాలుగో కార్బన్ మీదిదాన్ని తిప్పితే గెలాక్టోజ్ అవుతుంది.

మానోజ్‌కు దగ్గరి ఉదాహరణ కొబ్బరి. నూనె తీసిన తర్వాత మిగిలే కొబ్బరి చెక్కలోని పీచుపదార్థంలో మానోజ్ గొలుసులు ఎక్కువ. గెలాక్టోజ్ పాలలో గ్లూకోజ్‌తో జతకట్టి లాక్టోజ్‌గా ఉంటుంది. చింతగింజ పప్పులోని చిక్కటి పదార్థంలో గ్లూకోజ్ వెన్నెముకపై గ్జైలోజ్ కొమ్మలు, వాటిలో కొన్నిటి కొసన గెలాక్టోజ్ ఉంటాయి. ఆల్డోపెంటోజ్, ఆల్డోహెక్సోజ్, ఎపిమర్ మూడింటినీ ఒకే గింజలో చూపగల ఉదాహరణ ఇది. చింతగింజ పిండిని జూట్ మిల్లుల్లో, మగ్గాల దగ్గర పడుగుకు పట్టించే పదార్థంగా వాడతారు.

వలయ నిర్మాణం: పైరనోజ్, ఫ్యూరనోజ్, ఆల్ఫా, బీటా

ఐదు, అంతకన్నా ఎక్కువ కార్బన్లున్న చక్కెరలు నీటిలో చాచిన గొలుసుగా ఉండటం బహు అరుదు. గొలుసు చివరి వైపు హైడ్రాక్సిల్ వెనక్కి వంగి కార్బొనైల్‌తో కలిసి వలయం ఏర్పడుతుంది. ఐదు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన ఆరు భుజాల వలయం పైరనోజ్. నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన ఐదు భుజాల వలయం ఫ్యూరనోజ్. నీటిలో గ్లూకోజ్ దాదాపు అంతా పైరనోజే. ఫ్రక్టోజ్ విడిగా ఉన్నప్పుడు ఎక్కువగా పైరనోజ్ రూపంలోనూ, సుక్రోజ్‌లో బంధించి ఉన్నప్పుడు ఫ్యూరనోజ్ రూపంలోనూ ఉంటుంది. ఫ్రక్టోజ్ రూపాల్లో అన్నిటికన్నా తియ్యనిది బీటా పైరనోజ్. వేడి చేస్తే దాని పాలు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది.

వలయం మూసుకున్నప్పుడు పాత కార్బొనైల్ కార్బన్ కొత్తగా అసమాన కార్బన్ అవుతుంది; దీన్నే ఆనోమరిక్ కార్బన్ అంటారు. దాని మీది హైడ్రాక్సిల్ ఏ పక్కకు తిరిగిందన్నదాన్ని బట్టి వచ్చే రెండు రూపాలు ఆల్ఫా, బీటా ఆనోమర్లు. స్వచ్ఛమైన ఆల్ఫా గ్లూకోజ్ నీటిలో కరగ్గానే ప్లస్ 112 డిగ్రీల విశిష్ట భ్రమణం చూపుతుంది. బీటా రూపం ప్లస్ 19 డిగ్రీలు. కొంతసేపటికి రెండు ద్రావణాలూ ప్లస్ 52.7 దగ్గర స్థిరపడతాయి. వలయం తెరుచుకుంటూ, మళ్లీ మూసుకుంటూ రెండు రూపాలూ సమతాస్థితికి రావడమే దీనికి కారణం. దీన్ని మ్యూటారొటేషన్ అంటారు. అప్పుడు బీటా సుమారు 64 శాతం, ఆల్ఫా 36 శాతం ఉంటాయి.

ఒక్క హైడ్రాక్సిల్ దిశ ఎంత తేడా తెస్తుందో శ్రీకాకుళం జిల్లా పొందూరు మగ్గం దగ్గర చూడవచ్చు. అక్కడి సన్నఖాదీకి వాడే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, చేత్తో వడుకుతారు. పడుగు పోగు తెగకుండా గంజి పట్టిస్తారు. పోగు సెల్యులోజ్, గంజి పిండి. రెండూ డి-గ్లూకోజ్ తప్ప వేరే చక్కెర లేని గొలుసులు. పిండిలో గ్లూకోజ్‌లు ఆల్ఫా బంధంతో కలుస్తాయి కనుక గొలుసు మెలితిరుగుతుంది, వేడినీటిలో ఉబ్బి జారుగా మారుతుంది. సెల్యులోజ్‌లో బీటా బంధం కనుక గొలుసు నిటారుగా సాగి, పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు వేసుకుని గట్టిపడుతుంది. బట్టను జాడిస్తే గంజి పోతుంది, నూలు నిలుస్తుంది. గంజి తాగితే మనిషికి అరుగుతుంది, పత్తి అరగదు. మన లాలాజలంలో, క్లోమరసంలో ఉన్న ఎంజైములు ఆల్ఫా బంధాన్ని మాత్రమే తెంచగలవు. గడ్డిలోని బీటా బంధాన్ని తెంచే పని పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు చేస్తాయి.

చోడి అంబలి ఈ ఆల్ఫా బంధానికి సంబంధించినదే. చోళ్లను మొలకెత్తించి ఆరబెట్టి పిండి పడితే, మొలకలో పుట్టిన అమైలేజ్ ఎంజైము పిండిని మాల్టోజ్, గ్లూకోజ్‌లుగా విడదీస్తుంది. మొలకపిండి జావ పలచగా, కాస్త తియ్యగా ఉండేది ఇందుకే.

ఉత్పన్న చక్కెరలు

సరళ చక్కెరలో ఒక సమూహాన్ని తీసివేసినా, మార్చినా ఏర్పడేవి ఉత్పన్నాలు. ఆక్సిజన్ ఒకటి తగ్గితే డీఆక్సీ చక్కెర. డీఎన్ఏలోని డీఆక్సీరైబోజ్, మొక్కల జిగురుల్లోని రామ్నోజ్, రక్తవర్గాల గుర్తింపులో పాలుపంచుకునే ఫ్యూకోజ్ ఈ కోవలోవి. గొలుసు చివరి కార్బన్ ఆక్సీకరణం చెందితే యురోనిక్ ఆమ్లం.

ఈ రెండు రకాలూ కలిసి ఉన్నది తపసి జిగురు. తూర్పు కనుమల అడవుల్లో తపసి చెట్టు మానుకు గాటు పెడితే కారి గడ్డకట్టే ఈ జిగురును గిరిజనులు సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. రామ్నోజ్, గెలాక్టోజ్, గెలాక్టురోనిక్ ఆమ్లం, గ్లూకురోనిక్ ఆమ్లం దీని ప్రధాన అంశాలు. వాటికి తోడు అసిటైల్ సమూహాలు ఉండటంతో ఇది నీటిలో పూర్తిగా కరగక, ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. మందుల తయారీలో, కట్టుడు పళ్ల అతుకు పొడుల్లో దీన్ని వాడటానికి ఆ గుణమే కారణం.

హైడ్రాక్సిల్ స్థానంలో అమైనో సమూహం చేరితే అమైనో చక్కెర. శ్రీకాకుళం తీరంలో పట్టే, పెంచే రొయ్యల పెంకులోని కైటిన్, ఎన్-అసిటైల్ గ్లూకోసమీన్ అనే అమైనో చక్కెర గొలుసు. బంధం సెల్యులోజ్‌లోలాగే బీటా. అందుకే పెంకుకు అంత గట్టితనం.

కార్బొనైల్ సమూహం క్షయకరణం చెందితే చక్కెర ఆల్కహాల్ వస్తుంది. గ్లూకోజ్ నుంచి సార్బిటాల్, గ్జైలోజ్ నుంచి గ్జైలిటాల్. చక్కెర వేరే అణువుతో ఆనోమరిక్ కార్బన్ దగ్గర కలిస్తే గ్లైకోసైడ్. కుంకుడుకాయ నురుగుకు కారణమైన సాపోనిన్లలో అరబినోజ్, రామ్నోజ్, గ్జైలోజ్ ఒక కొవ్వు స్వభావపు అణువుకు ఇలాగే అతుక్కుని ఉంటాయి. చక్కెర వైపు నీటిని, రెండో వైపు జిడ్డును పట్టుకుంటుంది.

సుక్రోజ్ విలోమం: బెల్లం, తేనె, కల్లు

చెరకు రసంలోని సుక్రోజ్‌లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌ల ఆనోమరిక్ కార్బన్లు రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వలయం తెరుచుకునే దారి లేదు. అందుకే అది క్షయకరణ చక్కెర (వలయం తెరుచుకుని కార్బొనైల్‌తో చర్య జరపగల చక్కెర) కాదు, తేలిగ్గా స్ఫటికమవుతుంది. ఆమ్లం, వేడి లేదా ఇన్వర్టేజ్ ఎంజైము ఆ ముడిని తెంచుతాయి. సుక్రోజ్ ప్లస్ 66.5 డిగ్రీలు తిప్పితే, విడిపోగా వచ్చిన సమభాగాల మిశ్రమం మైనస్ 20 డిగ్రీల దాకా తిప్పుతుంది. భ్రమణం గుర్తు తలకిందులవుతుంది కనుక ఈ మిశ్రమానికి విలోమ చక్కెర అని పేరు.

ఈ ప్రాంతపు చెరకు వ్యవహారమంతా ఈ ఒక్క చర్య చుట్టూ తిరుగుతుందంటే అతిశయోక్తి కాదు. చెరకు నరికాక గానుగకు చేరడం ఆలస్యమైతే కాండంలోనే విలోమం మొదలవుతుంది. ఆమదాలవలస, భీమసింగి సహకార చక్కెర కర్మాగారాలు మూతపడ్డాక దూరపు ఫ్యాక్టరీకి లోడు పంపే రైతుకు ఇది నేరుగా నష్టం. రేగిడి ఆమదాలవలస మండలం సంకిలి వంటి ఫ్యాక్టరీల ప్రయోగశాలలో రసానికి బ్రిక్స్, పోల్ అనే రెండు కొలతలు తీస్తారు. బ్రిక్స్ కరిగి ఉన్న ఘనపదార్థం మొత్తాన్ని చెబుతుంది, సుక్రోజ్‌ను గ్లూకోజ్ నుంచి విడదీయలేదు. పోల్ ధ్రువణ కాంతి భ్రమణపు కొలత. విలోమం జరిగిన రసంలో బ్రిక్స్ నిలబడ్డా పోల్ పడిపోతుంది. పొలంలో బ్రిక్స్ మీటరు చూసి అంతా బాగుందనుకోవడం చాలదు.

బెల్లం వండేచోట ఇదే రసాయనం పెనంలో కనిపిస్తుంది. చెరకు రసం సహజంగా కొద్దిగా పులుపు. అలాగే మరిగిస్తే ఆ ఆమ్లమే సుక్రోజ్‌ను చీలుస్తుంది. అందుకే రసం కాగేటప్పుడు సున్నపు తేట కలుపుతారు, పైకి తేలిన మడ్డిని తీసేస్తారు. సున్నం తక్కువైతే పాకం జిగటగా మిగిలి దిమ్మ కట్టదు. ఎక్కువైతే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ క్షారంలో విచ్ఛిన్నమై బెల్లం నల్లబడుతుంది. బెల్లంలో సుక్రోజ్ సుమారు 65 నుంచి 85 శాతం, విలోమ చక్కెర సుమారు 5 నుంచి 15 శాతం ఉంటుంది. ఈ రెండో అంకె పెరిగేకొద్దీ బెల్లం వానాకాలంలో చెమర్చి కరుగుతుంది. గాలిలోని తేమను లాక్కునే గుణం ఫ్రక్టోజ్‌కు చాలా ఎక్కువ. పొరుగునే అనకాపల్లిలో 1913 నుంచి ఉన్న పరిశోధన కేంద్రం చెరకు రకాలతో పాటు బెల్లం నాణ్యత మీదా పనిచేస్తూ వచ్చింది.

తేనెలో విలోమం తేనెటీగ చేస్తుంది. పూల మకరందంలోని సుక్రోజ్‌ను తన ఇన్వర్టేజ్‌తో చీల్చి, నీటిని ఆరబెట్టి నిల్వ చేస్తుంది. సగటున తేనెలో ఫ్రక్టోజ్ 38 శాతం, గ్లూకోజ్ 31 శాతం ఉంటాయి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ తేనె చలికి సీసా అడుగున గడ్డకడితే, అందులో చక్కెర కలిపారని కొందరు అనుమానిస్తారు. గ్లూకోజ్‌కు ఫ్రక్టోజ్ కన్నా నీటిలో కరిగే గుణం తక్కువ కాబట్టి అదే ముందు స్ఫటికమవుతుంది. గ్లూకోజ్ పాలు ఎక్కువున్న స్వచ్ఛమైన తేనె కూడా గడ్డకడుతుంది. గడ్డకట్టడాన్ని కల్తీకి రుజువుగా తీసుకోకూడదు.

తాటి, ఈత, ఏజెన్సీలో జీలుగు చెట్ల నుంచి దిగే తియ్యటి నీరాలో ప్రధానంగా సుక్రోజ్ ఉంటుంది. కుండ లోపల సున్నం పూస్తే ఈస్టు, బాక్టీరియా పని మందగించి నీరా తియ్యగానే ఉంటుంది. తాటిబెల్లానికి అదే కావాలి. సున్నం లేకపోతే ఈస్టు ముందు సుక్రోజ్‌ను విలోమం చేసి, వచ్చిన హెక్సోజ్‌లను ఆల్కహాలుగా మారుస్తుంది.

గుర్తింపు పరీక్షలు

ఫెలింగ్, బెనెడిక్ట్ ద్రావణాలు క్షయకరణ చక్కెరలతో వేడిచేసినప్పుడు ఇటుకరంగు అవక్షేపం ఇస్తాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఇస్తాయి; సుక్రోజ్ ఇవ్వదు. కీటోన్ అయిన ఫ్రక్టోజ్ ఎలా ఇస్తుందన్న ప్రశ్నకు జవాబు: క్షారంలో అది కొంత ఆల్డోజ్‌గా మారిపోతుంది. ఆల్డోజ్, కీటోజ్‌లను వేరుచేయడానికి సెలివనాఫ్ పరీక్ష ఉంది. రిసార్సినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కీటోజ్ త్వరగా ఎర్రబడుతుంది, ఆల్డోజ్ నెమ్మదిగా. బయల్ పరీక్షలో పెంటోజ్‌లు ఆకుపచ్చ, నీలి ఛాయ ఇస్తాయి. డిగ్రీ కాలేజీ ప్రయోగశాలల్లో ఇవన్నీ మామూలుగా చేయించేవే. తేనె, బెల్లం, చింతగింజ పిండి నమూనాలతో చేయిస్తే విద్యార్థికి వర్గీకరణ మరింత స్పష్టమవుతుంది.

జీవక్రియలో, వైద్యంలో

శరీరంలోని ఎంజైములు, వాహక ప్రొటీన్లు చక్కెరను గుర్తుపట్టేది నిర్మాణాన్ని బట్టే. పేగు గోడలో సోడియంతో పాటు చక్కెరను లోపలికి తీసుకునే ప్రొటీన్ గ్లూకోజ్, గెలాక్టోజ్‌లను మోస్తుంది, ఫ్రక్టోజ్‌ను మోయదు. ఫ్రక్టోజ్‌కు వేరే ప్రొటీన్ ఉంది. విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ పొడిలో ఉప్పుతో గ్లూకోజ్ కలపడానికి ఆధారం ఇదే. గ్లూకోజ్ వెంట సోడియం, సోడియం వెంట నీరు శరీరంలోకి వెళతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సూచిస్తున్న మిశ్రమంలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. చక్కెర మరీ ఎక్కువైతే నీరు తిరిగి పేగులోకి చేరి విరేచనాలు పెరుగుతాయి, కనుక ప్యాకెట్‌పై రాసినంత నీటిలోనే కలపాలి.

గెలాక్టోజ్‌ను గ్లూకోజ్ మార్గంలోకి మళ్లించే ఎంజైము పుట్టుకతోనే లోపిస్తే గెలాక్టోసీమియా వస్తుంది. ఒక్క నాలుగో కార్బన్ తేడా ఉన్న చక్కెర పేరుకుపోయి కాలేయం, కంటి కటకం, మెదడు దెబ్బతింటాయి. అలాంటి శిశువుకు తల్లిపాలతో సహా లాక్టోజ్ ఉన్న పాలేవీ పట్టకూడదు.

మధుమేహులు ఇంట్లో వాడే చాలా గ్లూకోమీటర్ల పట్టీలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైము ఉంటుంది. అది గుర్తించేది బీటా-డి-గ్లూకోజ్‌ను మాత్రమే. రక్తంలో ఆల్ఫా, బీటా రూపాలు ఎప్పుడూ సమతాస్థితిలో ఉంటాయి కాబట్టి బీటాను కొలిచి మొత్తం గ్లూకోజ్‌ను లెక్కగట్టవచ్చు. ఫ్రక్టోజ్‌ను ఈ పట్టీ చూడదు. తేనె తిన్నాక మీటరులో పెరిగే అంకె నేరుగా చూపేది రక్తంలోకి చేరిన గ్లూకోజ్‌నే. కాలేయానికి వెళ్లిన ఫ్రక్టోజ్ అందులో కనిపించేది గ్లూకోజ్‌గా మారి తిరిగి రక్తంలోకి వచ్చినంత మేరకే.